ఏటూరునాగారం దారిలో సైకిలు బెల్లు

సైకిలు తొక్కితే గుండెకు మంచిది, కీళ్లకు మంచిది, చక్కెర వ్యాధి ఉన్నవారికి మరీ మంచిది అని మేము డాక్టర్లం పదే పదే చెబుతూ ఉంటాము. విని ఆచరించేవారు ఈమధ్య పెరిగారు. ఒకప్పుడు బడిపంతులూ, పాలవాడూ, పోస్టుమానూ బతుకుతెరువు కోసం తొక్కిన సైకిలును ఇవాళ హనుమకొండ, హైదరాబాదు కుర్రవాళ్లు ఆరోగ్యం కోసం తొక్కుతున్నారు. ఊళ్లో తిరిగి తిరిగి విసుగుపుట్టి, సెలవు రోజున జట్లు జట్లుగా మేడారానికీ, బొగత జలపాతానికీ బయలుదేరుతున్నారు. ఆ దారులు ఏటూరునాగారం అడవి మీదుగా పోతాయి. "అక్కడ పులులుంటాయట కదా డాక్టరుగారూ, పిల్లవాణ్ణి పంపవచ్చునా?" అని తల్లులు అడుగుతుంటారు.

పంపవచ్చును. అయితే జాగ్రత్త పడవలసింది పులి గురించి కాదు. మరి దేని గురించో ఆ దారి వెంట పోతూనే చెప్పుకుందాం.

అడవి మొదలయ్యే చోటు

ఏటూరునాగారం వరంగల్‌కు 100 కిలోమీటర్ల పైచిలుకు దూరం. చాలాకాలం వరంగల్ జిల్లాలో ఉండి, 2016లో భూపాలపల్లి జిల్లాలోకి, 2019లో ములుగు జిల్లాలోకి వచ్చింది. 163వ నంబరు జాతీయ రహదారి మీద ములుగు దాకా పొలాలూ, ఊళ్లూ తగులుతాయి. గోవిందరావుపేట, పస్రా దాటాక చెట్లు రోడ్డుకు దగ్గరవుతాయి. తాడ్వాయి చేరేసరికి టేకు, వెదురు, మద్ది, ఇప్ప, తునికి కలిసి రెండు వైపులా గోడ కట్టినట్టుంటుంది. ఇదే 1952లో, హైదరాబాదు రాష్ట్రం ఉన్న రోజుల్లో, అభయారణ్యంగా ప్రకటించిన అడవి. విస్తీర్ణం సుమారు 800 చదరపు కిలోమీటర్లు. మధ్యలో దయ్యంవాగు పారుతుంది; ఆ చివర గోదావరి.

దుప్పులు, అడవిపందులు, ఎలుగుబంట్లు, చిరుతలు, నక్కలు, కొండముచ్చులు ఇక్కడి కాపురస్థులు. పులి ఎప్పుడైనా అవతలి అడవుల నుంచి వచ్చిపోయే చుట్టం. ఏ జంతువైనా మనిషి అలికిడి వింటే తప్పుకునే రకమే. మనిషి మీద పడేవాటిలో చాలా భాగం ఆకలితో పడవు, ఉలిక్కిపడి పడతాయి.

సైకిలుతో చిక్కంతా ఇక్కడే ఉంది. లారీ మైలు దూరం నుంచి మోగుతూ వస్తుంది. కాలినడకన పోయేవాడి చెప్పుల చప్పుడు, మాటల చప్పుడు ముందే వినబడతాయి. సైకిలు మాత్రం గాలిలా వస్తుంది. మలుపు తిరిగేసరికి నాలుగు బారల దూరంలో జంతువు, దాని ఎదుట మీరు! దానికి పారిపోయే వ్యవధి మీరివ్వలేదన్నమాట. అందుచేత అడవి దారిలో సైకిలుకు ముఖ్యమైన భాగం గేరు కాదు, బెల్లు.

ఇప్పచెట్ల కింద

మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున ఇప్పపువ్వు రాలుతుంది. దాన్ని ఏరుకోవడానికి కోయ కుటుంబాలు బుట్టలతో పోతాయి. అదే పువ్వు కోసం అదే వేళకు ఎలుగుబంటి కూడా వస్తుంది. తరువాత తునికి పండ్ల కాలం. ఏడాది పొడుగునా చెదపుట్టలు ఉండనే ఉన్నాయి. మూతి పుట్టలో పెట్టి చెదలు పీల్చేటప్పుడు దానికి వేరే ధ్యాస ఉండదు. మన ప్రాంతంలో దీన్ని గుడ్డెలుగు అంటారు. ముక్కు మహా చురుకు, చూపు మాత్రం అంతంతమాత్రం.

తాడ్వాయి దగ్గర ఇప్పపువ్వు ఆరబోస్తున్న ఒక ముసలమ్మను, "ఎలుగంటే భయం లేదా అవ్వా?" అని అడిగాను.

"భయమెందుకు లేదు సారూ! అందుకే ఒక్కళ్లం పోం. మాట్లాడుకుంట పోతం, దగ్గుకుంట పోతం. దానికి కండ్లు సరిగ అవుపడవు. మనం వస్తున్నమని దానికి ఎరుక చెయ్యాలె. ఎరుకైతే అదే పోతది" అన్నది.

వన్యప్రాణి శాస్త్రజ్ఞులు చెప్పేదీ ఇదే. కనుక మలుపులు, వాగు దిగుళ్లు, దట్టమైన పొదలు వచ్చినచోట బెల్లు కొట్టండి, గట్టిగా మాట్లాడుకోండి. చెవుల్లో పాటల తీగలు పెట్టుకుని అడవిలో తొక్కవద్దు. మీరు వినిపించడం ఎంత ముఖ్యమో, మీకు వినిపించడమూ అంతే ముఖ్యం.

దూరాన ఎలుగు కనబడితే ఆగండి. సైకిలు దిగి, దాన్ని మీకూ జంతువుకూ మధ్య ఉంచుకుని, వెనుదిరగకుండా మెల్లగా వెనక్కు నడవండి. అది వెనకకాళ్ల మీద లేచి నిలబడితే మీద పడబోతున్నదనే అనుకోనక్కరలేదు. వాసన పట్టడానికీ, చూడటానికీ అలా లేస్తుంది. పిల్లలున్న తల్లి ఎలుగైతే మరీ దూరంగా ఉండాలి. ఫోటో కోసం ఒక్క అడుగు కూడా ముందుకు వేయవద్దు.

అది మీదికే వస్తే పరుగెత్తి గెలవలేరు. గంటకు 30 కిలోమీటర్ల పైన పరుగెత్తగలదు. చెట్టెక్కినా లాభం లేదు, అదీ ఎక్కుతుంది. తప్పనిసరైతే బోర్లా పడుకోండి. రెండు చేతుల వేళ్లు మెడ వెనుక పెనవేసి, మోచేతులతో ముఖం రెండు వైపులా కప్పుకోండి. హెల్మెట్, వీపు మీది సంచి తీయవద్దు. ఎలుగు గోళ్లు ముందు చూసేది ముఖాన్నీ, తలనూ. అవి దక్కితే ప్రాణం దక్కినట్లే. అది వెళ్లిపోయిందని నిర్ధారణ అయ్యేదాకా కదలవద్దు.

చిరుత ఎదురైతే పడుకోకూడదు, వంగకూడదు. చిన్న పిల్లలుంటే దగ్గరకు లాక్కుని, సైకిలు ఎత్తి పట్టి, పెద్దగా కనబడుతూ వెనక్కు తగ్గాలి. కొండతేనె పట్టు రేగి తేనెటీగలు లేస్తే మాత్రం పై సలహాలన్నీ తారుమారు. అప్పుడు ఆగవద్దు. ముఖం కప్పుకుని వీలైనంత వేగంగా దూరం పోవడమే మందు.

బంగారం మూట

రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారంలో సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుందని తెలుగువారికి చెప్పనక్కరలేదు. అమ్మవార్లకు సమర్పించే బెల్లాన్ని 'బంగారం' అంటారు. జాతర లేని రోజుల్లోనూ భక్తులు పోయి, బెల్లం మూటతో తిరిగి వస్తారు. ఆ మూట సైకిలు హ్యాండిలుకు వేలాడదీసి అడవి దారిన పోవడమంటే కోతులకు కబురు పెట్టడమే. మూతబిగువైన డబ్బాలో పెట్టి, సంచి అడుగున ఉంచుకోండి.

రోడ్డు పక్కన కోతులకు అరటిపండ్లు, బిస్కెట్లు వేయడం కొందరికి పుణ్యంగా తోస్తుంది. మీరు వేసిన పండుకు అలవాటు పడిన కోతి, మీ వెనుక వచ్చే పండు లేని పిల్లవాడిని కరుస్తుంది. అది పుణ్యమెలా అవుతుంది?

ఊరి పొలిమేర

అడవి దాటి ఊళ్లోకి వస్తున్నామని ఊపిరి పీల్చుకునే చోటే అసలు గండం. ఊరకుక్కలు కదిలే చక్రం వెంట పడతాయి. మీరు వేగం పెంచితే అవీ పెంచుతాయి. కాలితో తన్నబోతే కాలే చిక్కుతుంది, లేదా అదుపు తప్పి ఇసుక లారీ కింద పడతారు. నిదానించి, దిగి, సైకిలు అడ్డం పెట్టుకుని, గట్టిగా అదిలించి, నడుచుకుంటూ వాటి ఎల్లలు దాటండి. చాలా కుక్కలు చక్రం ఆగగానే ఆగుతాయి.

పంట కాలంలో సందెవేళ అడవిపందులు రోడ్డు దాటుతాయి. ఒకటి దాటగానే పోవద్దు. దాని వెనుక పిల్లలు, వాటి వెనుక మరొకటి ఉంటాయి. దాని కోర తొడలో లోతుగా చీరుతుంది. దుప్పుల మందకూ ఇదే లెక్క. ఇంకొక మాట: రోడ్డు దిగి పొదల్లోకి, చేలగట్లలోకి పోవద్దు. పందుల కోసం దొంగచాటుగా పరిచిన కరెంటు తీగలు మనుషుల ప్రాణాలూ తీశాయి.

పొద్దుగుంకిన తరువాత

పగలంతా కాగిన తారురోడ్డు రాత్రి కూడా వెచ్చగా ఉంటుంది. రక్తపింజర, కట్లపాము, నాగుపాము ఆ దారికి వస్తాయి. 2000 నుంచి 2019 వరకు 20 ఏళ్లలో మనదేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకులు అంచనా వేశారు. పులి లెక్క దీని ముందు ఎంత?

కాబట్టి అడవి భాగాన్ని ఉదయం 7 గంటల తరువాత మొదలుపెట్టి, సాయంత్రం 4 గంటలలోపు దాటేయండి. మామూలుగా తొక్కేవారు గంటకు 12 నుంచి 15 కిలోమీటర్లు పోతారు. ఆ లెక్క వేసుకుని, మరో గంట కలుపుకోండి. చాలామందికి చీకటి పడేది పంచరు వలన. పంపు, అతుకులు, సొల్యూషను ట్యూబు వెంట ఉండాలి. ముందు తెల్లలైటు, వెనుక ఎర్రలైటు, బూట్లు తప్పనిసరి. చాలాచోట్ల ఫోను అందదు గనుక, ఏ వేళకు ఎక్కడికి చేరతారో ఇంట్లో చెప్పి బయలుదేరండి. ఒంటరి ప్రయాణం వద్దు.

గాయమైతే

కరచినది కుక్కయినా, కోతి అయినా, నక్క అయినా, గోళ్లతో చీరినది ఎలుగైనా, మొదటి మందు సబ్బు, నీళ్లు. ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు గడియారం చూసి కడగండి. కారం, సున్నం, పసుపు, ఆకుపసరు పెట్టకండి. ధారాళంగా రక్తం పోతూ ఉంటే ముందు శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి, కడగడం తరువాత. ఊడి వేలాడే తలచర్మాన్ని తీసిపారేయవద్దు. యథాస్థానంలో పెట్టి కట్టండి. ముఖానికి, దవడకు గాయమైతే వెల్లకిలా పడుకోబెట్టవద్దు. రక్తం గొంతులోకి పోతుంది. ముందుకు వంచి కూర్చోబెట్టండి, స్పృహ లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

వెంటనే 108కి ఫోను చేయండి. ఏటూరునాగారంలో, ములుగులో ప్రభుత్వాసుపత్రులున్నాయి. పెద్ద గాయాలకు వరంగల్ ఎం.జి.ఎం. ఉంది. అడవి జంతువు కాటును మేము మూడవ తరగతి గాయంగానే లెక్కిస్తాం. అంటే టీకాతోపాటు గాయంలోనూ, చుట్టూ ఇమ్యూనోగ్లోబ్యులిన్ మందు కూడా ఎక్కించాలి. ధనుర్వాతం ఇంజక్షను వేరే. కుట్లు అవసరమైతే ఆ మందు పడిన తరువాతే వేయాలి. మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు టీకా పడాలి. కండకు వేసే పద్ధతిలో 14వ రోజు కూడా ఉంటుంది. ఒక్కటీ మానకూడదు.

'బొడ్డు చుట్టూ 14 సూదులు' అన్న భయంతో ఇప్పటికీ పిల్లలు కుక్కకాటును దాచిపెడతారు, పెద్దలు పసరు మందుకు పోతారు. ఆ పాత టీకా మనదేశంలో 2004తోనే పోయింది. ఇప్పటి టీకా చేతికే వేస్తారు. మామూలు ఇంజక్షను కంటే నొప్పి ఎక్కువ ఉండదు. 1885లో పాశ్చర్ మహాశయుడు పారిస్‌లో తొమ్మిదేళ్ల జోసెఫ్ మీస్టర్‌కు మొదటిసారి ఈ వ్యాధికి టీకా వేయించాడు. ఆ పిల్లవాడు బతికాడు. నూట ముప్ఫై ఏళ్లు దాటినా ప్రపంచంలో ఏటా సుమారు 59 వేలమంది రేబిస్‌తో చనిపోతున్నారు. లక్షణాలు కనబడిన తరువాత మా చేతుల్లో దాదాపు ఏమీ ఉండదు. అంతకు ముందైతే అంతా మన చేతుల్లోనే ఉంది. ఇంట్లో పిల్లవాడు "కుక్క పళ్లు తగిలాయి" అని చెబితే కొట్టకండి, తిట్టకండి. తిడితే రెండోసారి చెప్పడు.

పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం వద్దు. కాలు కదలకుండా కర్రకట్టు కట్టి, నడిపించకుండా ఆసుపత్రికి చేర్చండి. పామును పట్టి తేనక్కరలేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకే విరుగుడు మందు పనిచేస్తుంది. అడవి జంతువు దాడిని అటవీశాఖవారికి తెలియజేసి, ఆసుపత్రి కాగితాలు భద్రపరచుకోండి. నష్టపరిహారానికి అవి కావాలి.

ఏటూరునాగారం దాటి ముల్లకట్ట వంతెన మీద నిలబడితే గోదావరి కనుచూపుమేర పరచుకుని ఉంటుంది. సైకిలు మీద వచ్చినవారికి ఆ గాలి రుచి వేరు. పిల్లల్ని తప్పక పంపండి, మీరూ వెళ్లండి. పగటిపూట వెళ్లండి, జట్టుగా వెళ్లండి, బెల్లు కొడుతూ వెళ్లండి. ఆ అడవిలో మనం దారిన పోయేవాళ్లం. ఇంటివాళ్లు వేరే ఉన్నారు. ఎవరింటికి పోయినా వాకిట్లో నిలబడి ఒక పిలుపు పిలిచే లోపలికి అడుగుపెడతాం కదా!