ఫిల్ములో పడిన నా వేలు

మా ఇల్లు ఖిలా వరంగల్‌లో రాతికోట లోపల. పొద్దున్నే కీర్తితోరణాల పక్క నుంచి నడిచొచ్చి ఆటో ఎక్కితే తొమ్మిదిన్నరకల్లా క్లినిక్ తాళం తీసేదాన్ని. ఇమేజింగ్ డిప్లొమా రెండేళ్లు చదివి 2006లో ఆ పంటి దవాఖానలో చేరాను. పన్ను ఎక్స్‌రేలు తీయడం, చీకటి గదిలో ఫిల్ములు కడగడం నా పని.

ఆ ఫిల్ము మూడు సెంటీమీటర్ల వెడల్పు, నాలుగు సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. నల్ల కాగితంలో చుట్టి, వెనక పల్చటి సీసపు రేకు పెట్టి వస్తుంది. ఒక మూల చేతికి తగిలే చిన్న బొడిపె. అది ఎక్స్‌రే ట్యూబు వైపుండాలి, కడిగాక కుడి ఎడమలు దాన్ని బట్టే తెలుస్తాయి. ముందు పళ్లకైతే ఇబ్బంది లేదు. చివరి దవడ పన్నుకు పెట్టేసరికి నాలుక తోసేస్తుంది, కొందరికి డోకు వస్తుంది. హోల్డర్ ఉంటే రోగి దాన్ని కొరికి పట్టుకుంటాడు. మా దగ్గరున్న ఒక్క హోల్డరూ విరిగింది. "కదిలితే మళ్లీ తీయాలి, నువ్వే పట్టుకోమ్మా" అన్నారు డాక్టరుగారు. నా చూపుడు వేలు రోగి నోట్లో ఉంటే అటెండరు బటన్ నొక్కేవాడు.

రెండో నెలలో ఒక సాయంత్రం ఫిక్సర్‌లోంచి ఫిల్ము తీసి, నీళ్లలో కడిగి లైటుకు పట్టాను. పన్ను వేర్ల పక్కన తెల్లగా ఇంకో ఎముక. వేలు ఎప్పుడో ఫిల్ముకు ముందుకు జరిగింది. అది నా వేలి కణుపు.

మా లెక్చరర్ క్లాసులో చెప్పిన ఎడ్మండ్ కెల్స్ అప్పుడే గుర్తొచ్చాడు. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో 1896లోనే పన్ను ఎక్స్‌రేలు తీసిన దంత వైద్యుడు. ఏళ్ల తరబడి కిరణాల్లో చెయ్యి పెట్టాడు. క్యాన్సర్ వచ్చి ముందు వేళ్లు తీసేశారు, తర్వాత చెయ్యి. నొప్పి భరించలేక 1928లో ప్రాణం తీసుకున్నాడు. ఈనాటి యంత్రం ఒక్క ఫొటోకు ఇచ్చే మోతాదు అప్పటితో పోలిస్తే చాలా తక్కువ, నిజమే. అయినా ఫిల్మును సిబ్బంది పట్టుకోకూడదని మా పుస్తకంలో స్పష్టంగా ఉంది. తీసేవాళ్లు ట్యూబుకు ఆరడుగుల దూరంలో, కిరణం పోయే దారికి పక్కగా, 90 నుంచి 135 డిగ్రీల మధ్య నిలబడాలి. మా దగ్గర బటన్ ఉన్న టైమరు తీగ మూడడుగులే.

మర్నాడు ఇక పట్టుకోనని చెప్పాను. డాక్టరుగారికి కోపం వచ్చింది, వారం రోజులు మాట్లాడలేదు. తీగ మాత్రం పొడవు చేయించారు. హోల్డర్ రావడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది.

ఆ నాలుగు నెలల్లోనే మా కోటలో ఉండే ఒక అవ్వ వచ్చింది. నేను ఫిల్ము పెట్టి గోడ చాటుకు నడుస్తుంటే పిలిచింది.

"ఏంది బిడ్డా, నా నోట్లె గిది వెట్టి నువ్వు ఉరుకుతున్నవ్? గంత పానం మీదికొచ్చేదైతే నాకెందుకు వెడుతున్నవ్?"

"నీకు ఒక్కసారే అవ్వా. నాకు పొద్దుగూకేదాక గిదే పని. ఒక్కసారి వానల తడిస్తే ఏంగాదు, దినాం తడిస్తే జరం రాదా?"

"గట్లనా? అయితే పో" అని తన బొటనవేలితో తనే నొక్కి పట్టుకుంది. ఆ ఫిల్ము మొదటిసారికే చక్కగా వచ్చింది.

2009లో నేను కడుపుతో ఉన్నాను. ఆ సంగతి యజమానికి చెప్పాక కడుపులో బిడ్డకు అందే మోతాదు ప్రసవం దాకా 1 మిల్లీసీవర్ట్ దాటకూడదన్నది నిబంధన. నేను చెప్పి, ఆ నెలలన్నీ రిసెప్షన్‌లో కూర్చున్నాను. నిబంధన తెలియని అమ్మాయిలు ఎంతమంది ఆ గదుల్లో నిలబడ్డారోనని ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

వాళ్లకు తెలిసే వీలు తక్కువ, ఎందుకంటే లైసెన్సు సంగతి ఇలా ఉంది. యంత్రానికి అణుశక్తి నియంత్రణ మండలి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఇప్పుడు ఆ మండలి ఆన్‌లైన్ పోర్టల్ ఎలోరాలో దరఖాస్తు చేయాలి. మనిషి దగ్గరికొస్తే, 1948 నాటి దంత వైద్యుల చట్టం డాక్టర్లను, హైజీనిస్టులను, డెంటల్ మెకానిక్కులను మాత్రమే రిజిస్టర్లకెక్కించింది. పన్ను ఎక్స్‌రే తీసేవాళ్లకు అందులో చోటు లేదు. చాలాచోట్ల డాక్టరే తీస్తారు, లేదంటే కుర్చీ పక్కన నిలబడే అసిస్టెంటు. కాలిఫోర్నియాలో అసిస్టెంటు ఎక్స్‌రే తీయాలంటే రేడియేషన్ భద్రత కోర్సు పాసవ్వాలి. మన దగ్గర 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం రేడియాలజీ టెక్నాలజిస్టులకు రిజిస్టరు పెట్టమంది. కుర్చీ పక్కన నిలబడే అమ్మాయికి కూడా ఆ శిక్షణ, ఆ కాగితం దక్కాలి.

మీరు పన్ను ఎక్స్‌రేకు వెళ్తే హోల్డర్ అడగండి. లేదంటే అవ్వలాగా మీ వేలితో మీరే పట్టుకోండి. కడుపుతో ఉంటే ముందే చెప్పండి. తీసే అమ్మాయి దూరంగా జరిగితే జరగనివ్వండి.