ఊరికే

‘ఊరికి’ అన్న మాటలో చివరి గుడి తీసేసి ఏత్వం ఇస్తే ‘ఊరికే’ అవుతుంది. వ్యాకరణ పాఠం చెప్పబోవడం లేదు, భయపడకండి. మా దంపతుల ప్రయాణాల కథంతా ఈ ఒక్క అక్షరం చుట్టూ తిరుగుతుంది కనుక దానితోనే మొదలుపెడుతున్నాను.

మా జనగామలో పుట్టి పెరిగిన వారికి ప్రయాణమంటే ఒక పని. పెళ్లికి వెళతాం, చావుకు వెళతాం, మొక్కు తీర్చుకోవడానికి వెళతాం. హన్మకొండలో డాక్టరుకు చూపించుకోవడానికో, హైదరాబాదులో పిల్లవాణ్ణి కాలేజీలో చేర్పించడానికో వెళతాం. చేతిసంచీతో స్టేషను వైపు నడుస్తుంటే ఎదురుపడిన ప్రతివారూ అడిగే మొదటి ప్రశ్న ‘ఎటు పోతున్నరు?’. రెండోది ‘ఏం పని మీద?’. మొదటిదానికి తల ఊపి ఊరుకున్నా చెల్లుతుంది గానీ, రెండోదానికి జవాబు ఉండి తీరాలి. పడుచు దంపతులైతే సినిమాకు కాబోలు అనుకుని వదిలేస్తారు. యాభై దాటిన మొగుడూ పెళ్లాలు ఏ పనీ లేకుండా పొలిమేర దాటారంటే మాత్రం ఎవరికీ అంతుపట్టదు.

మా ఆవిడ సంగతి మరీను. పెళ్లైన తర్వాత మూడు దశాబ్దాల పాటు ఆమె చేసిన ప్రయాణాల్లో చేతిలో పనిలేని ప్రయాణం ఒక్కటీ లేదు. యాదగిరిగుట్టకు వెళ్లినా పదిమందికి సద్ది ఆమే కట్టాలి. కొమురవెల్లి మల్లన్న జాతరకు వెళ్లినా చెట్టు కింద మూడు రాళ్ల పొయ్యి ఆమె కోసమే ఎదురుచూస్తూ ఉండేది. పెళ్లిళ్లలో ఆమె వంటింటి వాకిలి దాటి పందిరిలోకి వచ్చేసరికి తలంబ్రాలు అయిపోయేవి. ఆ పైన మా అమ్మకు పక్షవాతం వచ్చింది. మంచం పట్టిన మనిషిని రెండు గంటలకొకసారి పక్క మార్చకపోతే ఒంటి మీద పుండ్లు పడతాయి. పగలైనా రాత్రైనా రెండు గంటలే. ఈ లెక్కన తొమ్మిదేళ్లు. ఆ తొమ్మిదేళ్లూ మా ఆవిడ ప్రపంచానికి తూర్పు సరిహద్దు కూరగాయల మార్కెట్టు, పడమటి సరిహద్దు మందుల దుకాణం.

అమ్మ 2015 జనవరిలో పోయింది. అస్థికలు కాళేశ్వరంలో కలిపాం. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు అది. గుళ్లో ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటాయి, ఒకటి యముడిది, ఒకటి ముక్తీశ్వరుడిది. ముందు కాలుడికి, తర్వాత ముక్తి ఇచ్చేవాడికి దండం పెట్టుకోవాలట. మాకు మైల కాబట్టి ఆ దండాలేవో ఒడ్డు నుంచే పెట్టుకున్నాం. తిరుగు ప్రయాణంలో చుట్టాల బండి ముందు వెళ్లిపోయింది. భూపాలపల్లి గనులు దాటి, చెల్పూరు విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తుండగా అప్పటిదాకా పెదవి విప్పని మా ఆవిడ అన్నది, “ఇక్కడ ఘనపురంలో కోటగుళ్లు ఉంటయంటరు కదా, ఒకసారి చూసి పోదమా?”

“ఎందుకు?” అన్నాను.

“ఊరికే.”

డ్రైవరు నా వైపు చూశాడు. బండి తిప్పమన్నాను.

ఘనపురం కోటగుళ్లు చూసిన వారికి చెప్పక్కర్లేదు. చూడని వారి కోసం నాలుగు మాటలు. కాకతీయుల కాలం నాటి ఇరవై రెండు గుళ్లు ఒకే ఆవరణలో ఉంటాయి. ఇందులో పెద్దది గణపేశ్వరాలయం. ఏనుగు మీద సింహం, ఆ సింహానికి మనిషి ఒళ్లు... అలాంటి వింత బొమ్మలు దాని చూరు కింద నిలబడి ఉంటాయి. పక్కనున్న రామప్పకు లోకమంతా వస్తుంది గానీ, ఇటు వచ్చేవారు తక్కువ. పెద్ద గుడిలో పూజలున్నాయి. చుట్టూ ఉన్న చిన్న గుళ్లలో చాలావాటికి దేవుడూ లేడు, తలుపూ లేదు, కొన్నిటికి పైకప్పూ లేదు. అలాంటి ఒక చిన్న గుడి అరుగు మీద కూర్చున్నాం. మాట్లాడుకున్నది ఏమీ లేదు. మేకలు రాళ్ల మధ్య గడ్డి వెతుక్కుంటున్నాయి. ఎంత సేపయిందో గానీ ఉన్నట్టుండి మా ఆవిడ గబుక్కున లేచి నిలబడింది. ఏమైందోనని నేనూ లేచాను. చేతి గడియారం చూసుకుని, కాసేపు అలాగే నిలబడి, మళ్లీ కూర్చుంది.

“రెండు గంటలైంది,” అన్నది.

ఇంటికి వెళ్లాక మా చిన్నమ్మ చేత చీవాట్లు తిన్నాం. అస్థికలు కలిపినవాళ్లు దారిలో ఎక్కడా ఆగకూడదు. పైగా ఏడాది తిరిగి సంవత్సరీకం అయ్యేదాకా గుడి గడప తొక్కకూడదు. మా ఆవిడ తలవంచుకుని అంతా విని, “గడప లేదు చిన్నత్తమ్మా, ఎప్పుడో పడిపోయింది,” అన్నది. దానికి చిన్నమ్మ దగ్గర సమాధానం లేదు, శాస్త్రంలో ఉందో లేదో నేను వెతకలేదు.

అలా ఆ ఏడాది మాకు ఒక దారి దొరికింది. గుళ్లకు వెళ్లకూడదు సరే, గుడి కానివి ఎన్ని లేవు? నెలకో రెండు నెలలకో ఒక ఆదివారం, పొద్దున బయలుదేరి దీపాలు పెట్టేవేళకు ఇంటికి చేరుకోవడం. రోజుకు ఒక్క చోటే, రెండోది చూడకూడదని మాకు మేమే ఒక నియమం పెట్టుకున్నాం. కూతవేటు దూరంలోని పెంబర్తిలో ఇత్తడి రేకు మీద నగిషీ చెక్కే విశ్వకర్మల దగ్గర ఒక పూటంతా కూర్చుని సుత్తి చప్పుడు విన్నాం. ఆ పనితనానికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని అందరూ చెప్పారు. గుర్తింపుతో గిరాకీ పెరిగిందా అంటే మాత్రం ఎవరూ నోరు విప్పలేదు. పాలకుర్తి పక్కనే ఉన్న బమ్మెరకు వెళ్లి పోతనగారి పొలాల గట్ల మీద నడిచాం. (ఒంటిమిట్ట వారు నాతో తగువుకు రావద్దు. మా ఊరికి ఆయన దగ్గరివాడు, అంతే.)

అన్నిటికన్నా నాకు గుర్తుండిపోయింది డోర్నకల్. మానుకోట దాటి, ఇప్పుడు దాన్ని మహబూబాబాద్ జిల్లా అనాలి, రైల్లో వెళితే డోర్నకల్ జంక్షను వస్తుంది. నా ఉద్యోగ జీవితంలో అక్కడ రైలు మారడమే తప్ప స్టేషను బయటికి కాలు పెట్టింది లేదు. ఊళ్లో ఒక చర్చి ఉంది, 1939లో ప్రతిష్ఠించారు. దూరం నుంచి చూస్తే గుమ్మటాలూ మీనార్లూ కనిపించి మసీదు అనుకుంటాం. దగ్గరకు వెళితే రాతి స్తంభాలతో మండపంలా ఉంటుంది. లోపలికి వెళితే శిలువ. కట్టించినది తిరునెల్వేలి నుంచి వచ్చిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. ఎక్కడివాడో తమిళుడు ఇక్కడికొచ్చి, మన వాళ్లకు వాళ్లు ఎరిగిన తీరులోనే గుడి కట్టాలనుకోవడం నాకు గొప్పగా తోచింది. అక్కడి కాపలాదారు వచ్చి, “ఏ సంఘమోళ్లమ్మా?” అని అడిగాడు. “ఏ సంఘమూ కాదు నాయనా, ఊరికే చూద్దామని,” అన్నది మా ఆవిడ. అతను ఒక్క క్షణం ఆలోచించి, వెళ్లి మా నెత్తి మీది ఫ్యాను వేశాడు. చర్చికి ఏడాది మైల నియమం వర్తిస్తుందా లేదా అన్న విషయం మా చిన్నమ్మకు కూడా తెలియకపోవడం మా అదృష్టం.

ఆ జిల్లాలోనే బయ్యారం పెద్ద చెరువు. గణపతిదేవుడి తోబుట్టువు మైలాంబ తవ్వించి ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టింది. కాకతీయుల తొలి తరాల వంశక్రమం చరిత్రకారులకు స్పష్టంగా దొరికింది ఆ చెరువు దగ్గర ఆమె వేయించిన శాసనంలోనే. ఈ ముక్క నేను గట్టు మీద కూర్చుని కొంచెం గర్వంగా చెబితే మా ఆవిడకు ఆశ్చర్యమే కలగలేదు. “అన్నదమ్ముల వంశం లెక్క ఎప్పుడైనా ఆడబిడ్డకే తెలుస్తది. మీ తాత తద్దినం తిథి మీ చెల్లెకు తప్ప మీ ఇంట్ల ఎవరికి యాదికున్నది?” అన్నది. చరిత్ర పుస్తకాల్లో లేని ఆ వ్యాఖ్యానంతో నేను ఏకీభవించాను.

ఇక విదేశాలు. 2016లో నేను బ్యాంకు నుంచి రిటైరయ్యాను. చేతికొచ్చిన డబ్బులో కొంత తీసి ఒక ట్రావెల్స్ వారి యూరప్ యాత్రకు కట్టాం. పది రోజులు, ఏడు దేశాలు. పొద్దున ఆరింటికి గది తలుపు కొట్టేవారు. బ్రస్సెల్స్‌లో ముప్పావుగంట, కొలోన్ చర్చి దగ్గర నలభై నిమిషాలు. స్విట్జర్లాండులో టిట్లిస్ కొండ మీద షారుఖ్ ఖాన్, కాజోల్‌ల నిలువెత్తు అట్టబొమ్మలున్నాయి. వాటి పక్కన ఫొటో దిగడానికి పట్టిన వరుసలోనే మాకిచ్చిన సమయం అయిపోయింది, మంచు మిగిలిపోయింది. బస్సు ఎక్కేటప్పుడు తలలు లెక్కపెట్టేవారు. మా ఆవిడ మాత్రం బాగుందనే అన్నది. “మూడు పూటలా ఎవరో వండి పెట్టిండ్రు” అని కారణం చెప్పింది. ఆ మాట విన్నాక యాత్రను విమర్శించే హక్కు నాకు లేకుండా పోయింది.

2017లో అమెరికా. కోడలి పురిటికి. ఆరు నెలలు. అక్కడ ఏమేం చూశావు వదినా అని చుట్టాలు అడిగితే, “న్యూజెర్సీల మంచి వంటిల్లు చూసిన,” అనేది. మన ఊళ్ల నుంచి విమానం ఎక్కే తల్లులలో ఎంతమంది ఈ పని మీదే ఎక్కుతున్నారో ఒకసారి మీమీ ఇళ్లలో లెక్క వేసుకోండి.

మా అమ్మాయి జర్మనీలో రేగన్స్‌బుర్గ్ అనే ఊళ్లో ఉద్యోగంలో చేరి, 2019 వేసవిలో మమ్మల్ని రమ్మంది. ఊళ్లో అందరూ అడిగింది ఒకటే, “బిడ్డకు ఎన్నో నెల?” దానికింకా పెళ్లే కాలేదు మహాప్రభో! హైదరాబాదులో వీసా కాగితాలు తీసుకునే చోట కుర్రవాడు దరఖాస్తులో ప్రయాణ ప్రయోజనం అన్న గడి చూపిస్తూ, “ఏం పని మీద పోతున్నరమ్మా?” అన్నాడు. జనగామ బస్టాండు హైదరాబాదు దాకా వచ్చిందన్నమాట. “ఊరికే,” అన్నది మా ఆవిడ. అతను నవ్వి, ఏ గడిలో టిక్కు పెట్టాలో నాకు చూపించాడు.

రేగన్స్‌బుర్గ్‌లో మూడు వారాలున్నాం. డాన్యూబ్ నది మీద పన్నెండవ శతాబ్దపు రాతి వంతెన ఉంది, ఇప్పటికీ దాని మీద జనం నడుస్తారు. పెద్ద చర్చి పని 1273 ప్రాంతంలో మొదలైతే, శిఖరాలు పూర్తయ్యేసరికి 1869 అయింది. అంటే మన రామప్ప గుడి 1213లో వెలిసిన అరవై ఏళ్లకు మొదలుపెట్టి, కాకతీయులు 1323లో అంతరించాక మరో అయిదున్నర శతాబ్దాలు కట్టారు. మేము మాత్రం చర్చిలో ఉన్నది తక్కువ, నది ఒడ్డున బల్ల మీద కూర్చున్నది ఎక్కువ. పక్క బల్ల మీదికి రోజూ ఒక ముసలి జంట వచ్చేది. చెరో ఐస్‌క్రీమ్ తినేవారు, వెళ్లేవారు. “నాన్నా, ఇవాళ ఏం చూశారు?” అని సాయంత్రం అమ్మాయి అడిగితే, “కూర్చున్నాం” అని చెప్పేవాణ్ణి. ఊరి అవతల కొండ మీద వాల్హల్లా అని గ్రీకు గుడి లాంటి భవనం ఉంది. ఆ మెట్లు చూసి మా ఆవిడ మోకాళ్లు ముందే దండం పెట్టేశాయి. పడవలో అటు వెళ్లి, కింది నుంచే చూసి వచ్చేశాం.

అలా పది రోజులు గడిచాక ఒక సాయంత్రం ఆ బల్ల మీదే ఆమె అన్నది, “ఇన్ని రోజులైంది, ఏం పని మీద వచ్చిండ్రని ఒక్కరన్న అడగలేదు.”

“హాయిగా ఉంది కదా,” అన్నాను.

“హాయిగనే ఉన్నది.” కాసేపాగి, “ఒక్కరన్న అడిగితే బాగుండు,” అన్నది.

ఆ మాటను నేను ఇంకా నములుతూనే ఉన్నాను. జనగామలో ఆ ప్రశ్న వినబడినప్పుడల్లా ముఖం ముడుచుకునేది తనే మరి.

తర్వాత కరోనా వచ్చి రెండేళ్లు అందరినీ ఇంట్లో కూర్చోబెట్టింది. 2022లో అబ్బాయికి రెండో సంతానం. మళ్లీ రమ్మని పిలుపు. ఈసారి మా ఆవిడ ఫోనులోనే చెప్పేసింది, “మూడు నెలలుంట. నాన్న కూడ వస్తడు. మొదటి వారం మాత్రం నాకు పని చెప్పొద్దు, ఊరికే ఉంట.” అవతల వాడు ఏమనాలో తెలియక కాసేపు నిశ్శబ్దం. ఆ వారమే ఆమె అట్లాంటిక్ మహాసముద్రం చూసింది.

మొన్న చలికాలంలో నైనపాక వెళ్లాం. భూపాలపల్లి జిల్లా చిట్యాల మండలంలో ఉంది. అక్కడి గుడిని సర్వతోభద్ర ఆలయమంటారు, నాలుగు దిక్కులకూ నాలుగు ద్వారాలు. మేము నీడ వెతుక్కుని సద్ది విప్పుతుండగా గొర్రెల కాపరి ఒకాయన వచ్చాడు. మాకన్నా పెద్దవాడు, భుజాన గొంగడి.

“ఏం పని మీద వచ్చిండ్రమ్మా?”

మా ఆవిడ ముఖం విప్పారడం నేను చూశాను. “పనేం లేదే పెద్దయ్యా, ఊరికే వచ్చినం. నువ్వు గూడ రా, కూసో,” అని సర్వపిండి తుంచి ఆకులో పెట్టింది.

ఆయన అందుకుని, కర్ర పక్కన పెట్టి, మేము కూర్చున్న చోటును తేరిపార చూశాడు. “ఊరికే వచ్చినోళ్లు ఈడెందుకు కూసున్నరు? ఎండొస్తది. పడమటి దర్వాజ కాడికి నడువుండ్రి, గాలి మంచిగొస్తది,” అన్నాడు.

గిన్నెలు సర్దుకుని ముగ్గురమూ అటు వెళ్లాం.