కుంచం పక్కన గిద్దె

పీహెచ్‌పీని ఎగతాళి చేయడం మా వృత్తిలో ఒక అలవాటు. అందులో సగం దాని సార్టింగ్ ఫంక్షన్ల పేర్ల మీదే: సార్ట్, ఏసార్ట్, కేసార్ట్, ఏఆర్‌సార్ట్, యూకేసార్ట్... ఎవరో అక్షరాలు గుప్పెడు తీసి చల్లినట్టుంటాయి. నాకు మాత్రం ఈమధ్య వాటి మీద గౌరవం పెరిగింది. కారణం మా అమ్మమ్మ మాటల జాబితా.

అమ్మమ్మ పోయేముందు రెండేళ్ళు ఆవిడ వాడే మాటలు రాసుకుంటూ వచ్చాను. మాట ‘కీ’, అర్థం ‘వాల్యూ’. దాన్ని చిన్న పుస్తకంగా వేద్దామని పిన్ని పట్టుబట్టింది. "అక్షరక్రమంలో ఉండాల్రా, లేకపోతే ఎవరు వెతుక్కుంటారు?" అంది. న్యాయమే.

ఉత్త సార్ట్ ఇక్కడ పనికిరాదు. అది కీలను పారేసి, విలువలను సర్ది, సున్నా నుంచి కొత్త నంబర్లు వేస్తుంది. అర్థాలు మిగులుతాయి, మాటలు పోతాయి! ఏసార్ట్ అర్థాల ప్రకారం సర్దినా మాటను వదిలిపెట్టదు. పిన్ని అడిగింది కేసార్ట్.

అమ్మమ్మ కొలతలు చెప్పిన వరస ఇది: కుంచం, మానిక, తవ్వ, సోల, గిద్దె. ఆవిడ లెక్కలో కుంచానికి నాలుగు మానికలు, మానికకి రెండు తవ్వలు, తవ్వకి రెండు సోలలు, సోలకి నాలుగు గిద్దెలు. కేసార్ట్ చేస్తే అన్నిటికన్నా చిన్నదైన గిద్దె పోయి కుంచం పక్కన కూర్చుంది. సరే, గిద్దెల్లో 64, 16, 8, 4, 1 అని విలువలిచ్చి ఏఆర్‌సార్ట్ చేస్తే పాత వరస వచ్చేస్తుంది. మరి పాలకుండ, దాలి, ఉట్టి, కవ్వం? పాలు కుండలో పోసి, దాలి మీద కాచి, తోడుపెట్టి ఉట్టి మీద ఉంచి, తెల్లారి చిలకడం. కేసార్ట్‌లో ఉట్టి ముందుకొస్తుంది, పాలకుండ చివరికి పోతుంది. ఈ వరసకి అంకె లేదు. ఆవిడ చెప్పిన క్రమంలో తప్ప ఎక్కడా లేదు.

పీహెచ్‌పీ అర్రే ఏది ముందు పెడితే దాన్ని ముందుగానే గుర్తుంచుకుంటుంది. (జావాస్క్రిప్ట్ ఆబ్జెక్టులో అంకెల్లాంటి కీలు తోసుకొచ్చి ముందు నిలబడతాయి, అక్కడ మ్యాప్ వాడుకోవాలి.) కానీ ఈ సార్ట్ ఫంక్షన్లు కొత్త అర్రే ఇవ్వవు, ఉన్నదాన్నే మార్చేస్తాయి. కాపీ లేకపోతే పాత వరస గల్లంతే. అందుకే ప్రతి మాటకీ ఆవిడ చెప్పిన క్రమసంఖ్య తగిలించాను.

ఇంకో చిక్కు. కేసార్ట్‌కి తెలుగు రాదు, బైట్లు పోలుస్తుంది. యూనికోడ్‌లో ళ, వ కంటే ముందుంది కాబట్టి కళ్ళం ముందు, కవ్వం తర్వాత వచ్చాయి. పిన్ని ప్రింటవుట్ చూసి పట్టేసింది: "ళ, హ తర్వాత కదరా?" బాలశిక్ష చదువుకున్న మనిషి! యూకేసార్ట్‌కి మన వరస మనం చెప్పుకోవచ్చు, అది రాశాను.

అమ్మమ్మ వరస ముందు, అక్షరక్రమంలో సూచిక వెనక అని నా పట్టు. పేజీలు పెరుగుతాయని పిన్ని ఇంకా ఒప్పుకోలేదు. నిన్న ఫోన్ చేసి మాత్రం, "కవ్వం తర్వాత చల్లకుండ రావాలిగా, అమ్మ చెప్పలేదా?" అనడిగింది.