విమానం కోసం గేటు పడే ఊరు

రైలొస్తుంటే గేటు వేయడం మనకు తెలుసు. విమానం వస్తోందని గేటు వేసే ఊరు ఎక్కడైనా ఉంటుందా? ఉంది. దాని పేరు జిబ్రాల్టర్. స్పెయిన్‌ దక్షిణపు కొసన ఉన్న ఈ బుల్లి బ్రిటిష్‌ భూభాగం విస్తీర్ణం 6.8 చదరపు కిలోమీటర్లే. జనాభా 34 వేలకు అటూ ఇటూ. చోటు చాలక రన్‌వేని ఊరి ముఖ్య రహదారికి అడ్డంగా వేసుకున్నారు. సైరన్‌ మోగుతుంది. గేట్లు పడతాయి. సంచులు పట్టుకున్న జనం ఎక్కడివాళ్లక్కడ ఆగిపోతారు. విమానం వాళ్ల ముందు నుంచే రివ్వున దూసుకుపోతుంది. 2023 మార్చిలో సొరంగ మార్గం తెరిచాక కార్లు అటుగా వెళ్తున్నాయి. కానీ కాలినడకన వెళ్లేవారికీ సైకిళ్లవారికీ దారి రన్‌వే మీదుగానే!

అంతకన్నా పెద్ద వింత ఇంకోటుంది. టెర్మినల్‌ గడప దాటి నాలుగడుగులేస్తే స్పెయిన్‌. అయినా ఇక్కణ్నుంచి ఎగిరే విమానాలు దశాబ్దాలుగా దాదాపు అన్నీ బ్రిటన్‌కే. పక్కింటికి మాత్రం విమానం లేదు.

ఎందుకంటే... అదో పాత తగవు. 1704లో బ్రిటన్‌, డచ్‌ సేనలు ఈ కొండను పట్టుకున్నాయి. 1713లో ఉట్రెక్ట్‌ సంధితో స్పెయిన్‌ దాన్ని బ్రిటన్‌కు వదులుకుంది. అయితే వదులుకున్నది ఊరూ కోటా రేవే తప్ప కొండకూ స్పెయిన్‌కూ మధ్యనున్న ఇసుక నేల కాదన్నది ఆ దేశం వాదన. విమానాశ్రయం ఉన్నది సరిగ్గా ఆ నేల మీదే. రెండో ప్రపంచయుద్ధంలో కొండను తొలిచి సొరంగాలు చేస్తూ, తవ్విన రాళ్లను సముద్రంలో పోసి రన్‌వేని పొడిగించారు. అదే ఇప్పటికీ ఆ ఊరి ఆకాశ ద్వారం.

భూమ్మీద ద్వారం కథ ఇంకా బాధాకరం. 1969 జూన్‌లో స్పెయిన్‌ నియంత ఫ్రాంకో సరిహద్దు గేటు మూయించాడు. అటువైపు లా లీనియా పట్టణం. ఇటు కోడళ్లు అటు పుట్టిళ్లు, అటు కార్మికులు ఇటు కొలువులు... ఒక్క రాత్రిలో అన్నీ తెగిపోయాయి. పుట్టింది ఆడపిల్లో మగపిల్లాడో కంచె ఇవతల నుంచి గట్టిగా అరిచి చెప్పుకోవాల్సి వచ్చింది. పక్కవీధి లాంటి ఊరికి వెళ్లాలంటే మొరాకో మీదుగా చుట్టి రావాలి. 1982 డిసెంబరులో పాదచారుల్ని వదిలారు. వాహనాలతో సహా గేటు పూర్తిగా తెరిచింది 1985 ఫిబ్రవరిలో. ఆ మరుసటేడే స్పెయిన్‌ ఐరోపా కూటమిలో చేరింది. కూటమిలో అడుగు పెట్టబోతూ సభ్యదేశం మొహాన గేటు వేసి ఉంచడం కుదరదు కదా!

మరి విమానాలో? అక్కడ మాత్రం కూటమి పెద్దగా ఒరగబెట్టిందేమీ లేదు. ఎనభైల చివర్లో ఐరోపా దేశాలు తమ గగనతలాన్ని ఒకదానికొకటి తెరుచుకోవడం మొదలుపెట్టాయి. తగవు తేలేదాకా జిబ్రాల్టర్‌ని పక్కనపెట్టాల్సిందేనని స్పెయిన్‌ పట్టుబట్టి నెగ్గింది. 2006లో కోర్డోబా ఒప్పందం కుదిరి, డిసెంబరులో మాడ్రిడ్‌ నుంచి ఐబీరియా విమానం దిగినప్పుడు ఊరంతా సంబరపడింది. 2008లో అదీ ఆగిపోయింది. కంచెను ఆనుకుని కట్టిన పెద్ద టెర్మినల్‌ 2011లో తెరుచుకునేసరికి, ఎవరి కోసం కట్టారో ఆ ప్రయాణికులే లేరు.

2016 జూన్‌ 23న ఐరోపా సమాఖ్యలో ఉండాలా వద్దా అని బ్రిటన్‌ ఓటేసింది. జిబ్రాల్టర్‌లో ఉండాలన్నవారు 19,322 మంది. వద్దన్నవారు కేవలం 823! 1969ని చూసినవాళ్లు ఇంకెలా ఓటేస్తారు? రోజూ దాదాపు 15 వేల మంది ఆ గేటు దాటి పనికొస్తారు. పర్యటకుల్లోనూ అత్యధికులు అటు నుంచే వస్తారు. స్పెయిన్‌ తీరాన విడిది చేసినవాళ్లు పొద్దున బస్సులో వచ్చి, కొండెక్కి కోతుల్ని చూసి, మెయిన్‌ స్ట్రీట్‌లో వ్యాట్‌ లేని సెంటు సీసాలూ సిగరెట్లూ కొనుక్కుని సాయంత్రానికి వెళ్లిపోతారు. ఆ వీధిలో మనవాళ్లూ కనిపిస్తారు. పంతొమ్మిదో శతాబ్దంలోనే వ్యాపారానికి వెళ్లి స్థిరపడిన సింధీలు వాళ్లు. వారి గుడి కూడా ఉందక్కడ.

ఎవరెలా ఓటేసినా బ్రిటన్‌తోపాటు బయటికి రావాల్సిందే. 2020 జనవరి 31న బ్రిటన్‌ వైదొలిగింది. ఆ ఏడాది చివర్లో సంధికాలమూ ముగిసింది. బ్రిటిష్‌ యాత్రికుడికి ఐరోపాలో రాకపోకల లెక్క మొదలైంది. ఏ 180 రోజుల్లో చూసినా షెంజెన్‌ దేశాల్లో ఉండేది 90 రోజులకు మించకూడదు. విమాన సంస్థలూ ముందే జాగ్రత్తపడ్డాయి. లండన్‌ దగ్గర్లోని లూటన్‌ కేంద్రంగా పనిచేసే ఈజీజెట్‌, సమాఖ్య లోపల విమానాలు నడుపుకోవడానికి 2017లోనే ఆస్ట్రియాలో లైసెన్సు తీసుకుంది. జిబ్రాల్టర్‌ ప్రయాణికుడికైతే గాలి కూడా ఓ ఇబ్బందే. కొండను తాకి సుడి తిరిగే గాలి వల్ల విమానం దిగలేకపోతే సుమారు 120 కిలోమీటర్ల దూరంలోని మలాగాకు మళ్లిస్తారు. ఒకప్పుడు అది బస్సు ప్రయాణపు విసుగే. 2021 నుంచి బ్రిటిష్‌ యాత్రికులకు అదనంగా ఆ 90 రోజుల లెక్కా!

అసలు మలుపు ఆ తర్వాతే. 2025 జూన్‌ 11న బ్రిటన్‌, ఐరోపా సమాఖ్యల మధ్య రాజకీయ ఒప్పందం కుదిరింది. కంచె దగ్గర తనిఖీలు ఎత్తేయాలి. వాటిని విమానాశ్రయానికీ రేవుకీ మార్చాలి. దిగినవారిని మొదట జిబ్రాల్టర్‌ అధికారి, తర్వాత స్పెయిన్‌ అధికారి చూస్తారు. లండన్‌లో యూరోస్టార్‌ రైలెక్కేవారికి ఫ్రెంచి అధికారులు తనిఖీ చేస్తారే, అలాగన్నమాట. ఐరోపా నగరాలకు విమానాలు నడిపే వీలూ అందులో ఉంది. లోపలుండగా దశాబ్దాలు తెగని ముడి, బయటికొచ్చాక విప్పక తప్పనిదైంది.

అయితే ఖరీదు లేకపోలేదు. పన్నులేని బేరాల ఊరు, సరకుల మీద 15 శాతంతో మొదలయ్యే లావాదేవీ పన్నుకు ఒప్పుకుంది. సెంటు సీసా కోసమే వచ్చేవాళ్లు ఇంకా వస్తారా అన్నది దుకాణదారుల బెంగ. బ్రిటిష్‌ యాత్రికులకు ఇంకో చిక్కు. స్పెయిన్‌లో తన 90 రోజులూ వాడేసుకున్న లండన్‌ పెద్దాయన బ్రిటిష్‌ జెండా ఎగిరే విమానాశ్రయంలో దిగినా, అక్కడి స్పెయిన్‌ అధికారి వెనక్కి పొమ్మనొచ్చు. స్థానికులకు మాత్రం ఆ లెక్క లేదు.

ఇక ఆ సుడిగాలి ఏ ఒప్పందానికీ కట్టుబడదు. రేపు మాడ్రిడ్‌ విమానం మళ్లీ వచ్చినా, గాలి ఎదురు తిరిగిన రోజున మాత్రం మలాగా నుంచి బస్సే!