గోషామహల్‌లో బళ్ల బందిఖానా

బేగంబజార్ రద్దీ దాటి కాస్త ముందుకెళితే గోషామహల్. ‘గోషా’ అంటే పరదా. పేరుకు తగ్గట్టే, హైదరాబాద్ రోడ్ల మీద దిక్కూమొక్కూ లేకుండా దొరికిన బళ్లు ఇక్కడి పోలీసు స్టేడియంలో జనం కంటపడకుండా రోజులు వెళ్లదీశాయి. ఏటా అక్టోబరు 21న పోలీసు అమరవీరులకు నివాళులర్పించిన మైదానమే అది. ఒకపక్క కవాతు, మరోపక్క... తుప్పుపట్టిన స్కూటర్లు, టాపు చిరిగిన ఆటోలు, సందుల్లోంచి గడ్డి మొలిచిన కార్లు!

పద్ధతి మాత్రం సులువే. పోలీసులు ప్రకటన ఇస్తారు. ఆర్నెల్లలోపు కాగితాలతో వెళితే బండి మీది. లేదంటే వేలం.

కేసుల్లో పట్టుబడిన బళ్ల సంగతే వేరు. కోర్టు చెప్పేదాకా కదలవు. ఈలోగా బ్యాటరీ చచ్చిపోతుంది, టైర్లు పగులుతాయి. ఆటోనే ఆధారమైన ఇంటికి ఇది నోటికాడ కూడు తీసేయడమే. ఫొటోలు తీసుకుని, పూచీకత్తు మీద బండి ఇచ్చేయండని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ఏకంగా గడువులే పెట్టింది. కోర్టు ముందుకొచ్చిన సొత్తు వివరాలు 14 రోజుల్లో రాయాలి. అవి రాసి, ఫొటోలు తీశాక 30 రోజుల్లో దాన్నేం చేయాలో తేల్చాలి. మరి స్టేషన్ల ప్రహరీల పక్కన ఆ గుట్టలేమిటో!

గోషామహల్ స్టేడియంలో 2025 జనవరి 31న కొత్త ఉస్మానియా ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది.

ఎప్పుడో పోయిన బండి మీకూ ఒకటుందా? ఈసారి పోలీసు ప్రకటన కనిపిస్తే నంబర్ల జాబితా ఓసారి చూడండి.