చేతితో నేర్చిన విద్య



మన బొమ్మసంద్రలో ఒకవైపు కర్మాగారములు, మఱియొకవైపు నారాయణ హెల్త్ సిటీ గలవు. ఆ వైద్యాలయమునకు రాయలసీమనుండి వచ్చిన రోగులు తమ బాధను తెలుగులో చెప్పుకొనుట మీరును వినియుందురు. మీలో పలువురు "నేను డాక్టరు నగుదును" అని వ్యాసములలో వ్రాయుచున్నారు. అట్టి మీకును, మీ తల్లిదండ్రులకును ఒక సంగతి చెప్పదలచితిని.

వైద్యవిద్యలో మొదటి సంవత్సరముననే శరీరనిర్మాణశాస్త్రమును నేర్పుదురు. మృతదేహమును పొరలు పొరలుగా కోసి, లోపలి భాగములను ఎఱుగవలెను. ఇది మన దేశమునకు క్రొత్తది కాదు. సుశ్రుతుడు శిష్యులచే సొరకాయలపైనను, దోసకాయలపైనను కోత నభ్యసింపజేయుమనెను. శాస్త్రమును, ప్రత్యక్షదర్శనమును రెండును కలిసిననే జ్ఞానము పెరుగునని బోధించెను. 1836లో కలకత్తా వైద్యకళాశాలలో మధుసూదన గుప్త శవచ్ఛేదము చేసి, ఆనాటి సంకోచమును దాటెను.

2020 మార్చిలో కరోనా మహమ్మారివలన కళాశాలలు మూతపడినవి. 2019లో వైద్యకళాశాలలో చేరిన నా పూర్వవిద్యార్థు లిద్దఱు అప్పటికి చేతులు, కాళ్లు, ఛాతి మృతదేహముమీదనే నేర్చియుండిరి. తల, మెడ, మెదడు మాత్రము ఇంట కూర్చుండి ఫోను తెరమీద నేర్వవలసివచ్చెను. కావున రెండు పద్ధతులను ఎఱిగిన వారి అభిప్రాయములను అడిగితిని.

బాలుడు తెరను మెచ్చుకొనెను. "మాస్టారూ, బల్లచుట్టు పదిహేనుమందిమి నిలుతుము. వెనుకనున్న వానికి ఏమియు కనబడదు. తెరముందు అందఱును ముందువరుసవారే. అర్థము కానిచో పాఠమును పదిమాఱులు చూచుకొంటిని" అనెను. ఇది కాదనరాని మాట.

బాలిక మాట వేఱు. "బొమ్మలో ధమని ఎఱుపు, సిర నీలము, నాడి పసుపు. మృతదేహములో అన్నియు ఒకే మాసిన రంగు. వ్రేళ్లతో పట్టి చూచిననే ఏది గొట్టమో, ఏది త్రాడో తెలియును. మెడలోనివాని పేర్లన్నియు నాకు వచ్చును, మాస్టారూ, నా వ్రేళ్లకు మాత్రము అవి తెలియవు" అనెను. మనము ఇండ్లలో అన్నింటిని "నరములు" అనియే అందుము. వైద్యుని కత్తికి ఆ తేడాయే ప్రాణము.

ఆమె మఱియొకటి చెప్పెను. పుస్తకములో చేతిధమని మోచేతికడ రెండుగా చీలును. వారి బల్లమీది దేహమున భుజము దగ్గఱనే చీలియుండెనట. బొమ్మ అందఱిని ఒక్కతీరుగ చూపును. దేహములు ఒక్కతీరుగ నుండవు. పరీక్షలో మంచి మార్కులే వచ్చినను, కళాశాల తెఱచిన పిదప ఆమె సాయంకాలములందు వెళ్లి, మెడభాగమును తొలినుండి మరల నేర్చుకొనెను. రేపు ఆమె కత్తిముందు పరుండు రోగి ఆమె మార్కుల నడుగడు గదా!

బాలబాలికలారా! మన తెలుగునకును ఇదియే వర్తించును. వీధిలో కన్నడము, బడిలో తెలుగు, ఫోనులో ఆంగ్లము వినుచు పెరుగు మీకు తెర అక్షరములను చూపగలదు. నోట పలుకక, చేత వ్రాయక అవి మీవి కావు. తల్లిదండ్రులారా, పిల్లలు పాఠమును మరల చూచుకొనుటకు ఫోను నిండు. మాటాడుటకు మాత్రము మీరే కూర్చుండుడు. ఏదో ఒకనాడు మీ బిడ్డ ఆ వైద్యాలయమున నిలిచి, "ఎక్కడ నొప్పి, అవ్వా?" అని తెలుగున అడుగవలసియుండును.