ముందు తేట, తర్వాతే బ్లీచింగు

వానాకాలం వచ్చి ఏటికి ఎర్రనీరు దిగిన రోజుల్లో మీ ఇంట్లో కుళాయి నీళ్లు ఎప్పుడైనా గమనించారా? మాది శ్రీకాకుళం. నాగావళి పొంగితే చాలు, బిందెలో నీళ్లకి లేత టీ రంగు, పైన బ్లీచింగు ఘాటు!

కిందటేడు మా తోడికోడలు ఆ వాసనకి హడలిపోయి, "అప్పా, ఈ నీళ్లు తాగితే క్యాన్సరొస్తుందట. ఇకనుంచి పిల్లలకి నూతినీళ్లే పడతాను" అంది. ఆమె విన్న మాటలో కొంత నిజం లేకపోలేదు. ఒడిశా కొండల మీంచి వచ్చే దారిలో ఆకులూ అలములూ, గడ్డీ గాదరా కుళ్లి ఏట్లో కలుస్తాయి. ఆ సారంతో క్లోరిన్ కలిస్తే క్లోరోఫారం వంటివి కొద్దికొద్దిగా పుడతాయి. వీటికి ట్రైహాలోమీథేన్లని పేరు. హాలెండులోని రోటర్‌డామ్ నీటి సరఫరాలో పనిచేసిన రూక్ అనే రసాయన శాస్త్రవేత్త 1974లో ఈ సంగతి బయటపెట్టాడు. 1979లో అమెరికా వీటికి లీటరుకి 100 మైక్రోగ్రాములని హద్దు పెట్టింది, తర్వాత 80కి తగ్గించింది. మన దేశపు తాగునీటి ప్రమాణాల్లోనూ వీటికి హద్దులున్నాయి.

అలాగని క్లోరినే వద్దనుకుంటే? 2024 అక్టోబరులో మన విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలే పోయాయి. క్లోరోఫారం భయం ఏళ్ల తరబడి తాగితే వచ్చేది. క్రిమి అలాక్కాదు, రెండ్రోజుల్లో పసిపిల్లని పీల్చేస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా, ఈ భయంతో క్రిముల్ని చంపే పని మానొద్దంటుంది. ఇదే చెప్పి మా తోడికోడల్ని ఆపాను. వానల్లో వీధిలోని మురుగంతా దిగేది ఆ నూతిలోకే కదా!

మరి దారేమిటంటారా? బియ్యంలో రాళ్లు ఏరి, కడిగి ఎసట్లో పోస్తాం గానీ, ఎసట్లో పోశాక రాళ్లు ఏరం కదా! ఇదీ అంతే. నీళ్ల ట్యాంకుల దగ్గర ముందు పటికతో మడ్డిని పేర్చి, ఇసుకలో వడకట్టి, ఆపైన క్లోరిన్ కలిపితే ఆ పదార్థాలు తక్కువ పుడతాయి. మడ్డినీళ్లలోనే బ్లీచింగు వేస్తే రెండు విధాలా నష్టం. అది చెత్తతోనే ఖర్చయిపోయి క్రిములకి చాలదు, పైగా అక్కర్లేనివి పుడతాయి.

ఇంట్లో మనం చేయగలిగినవి ఇవీ:

నూతినీళ్లో, ట్యాంకరు నీళ్లో మడ్డిగా ఉంటే నాలుగు మడతల గుడ్డలో వడగట్టి, పటికతో తేర్చండి. మన పెద్దవాళ్లు చిల్లగింజ అరగదీసి కలిపేవారు. మంచిదే, కానీ ఆ గంధం కూడా చెట్టు సారమేనని మరవకండి. పూర్తిగా అడుక్కి దిగాక, పైతేట వేరే బిందెలోకి వంచుకోండి.

క్లోరిన్ బిళ్ల ఆ తేటలోనే, ప్యాకెట్టు మీద రాసిన లెక్క ప్రకారమే వేయండి. "ఇంకొక్కటి వేస్తే ఇంకా మంచిది" అనుకోకండి. వేశాక అరగంట ఆగి తాగండి.

కుళాయి నీళ్లకి ఘాటెక్కువైతే కిటికీ తెరిచి, మూతలేకుండా తెర్ల కాచండి. క్లోరిన్, క్లోరోఫారం చాలావరకు ఆవిరితో పోతాయి. చల్లారాక మూతపెట్టి, కాడ ఉన్న గరిటెతోనే ముంచుకోండి. క్లోరిన్ పోయిన నీళ్లలో చెయ్యి పెడితే మళ్లీ క్రిములు చేరినట్టే!